ప్యాకెట్ క్యాప్చర్ హాబీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏంటిది, ఇందులో సరదా ఎక్కడుంది?

మీ కంప్యూటర్ నుంచి బయటికి పోయే ప్యాకెట్లనీ (నెట్ మీద ప్రయాణించే డేటా ముక్కలు) లోపలికొచ్చే ప్యాకెట్లనీ ఒక ఫైల్లోకి పట్టుకుని, తర్వాత తీరిగ్గా కూర్చుని వాటిని విప్పి చూడటం. చెప్పుకుంటే ఇంతే. కానీ ఒక్క యాప్ కూడా తెరవకుండా ఊరికే వదిలేసిన ల్యాప్‌టాప్ పది నిమిషాల్లో ఎవరెవరితో మాట్లాడిందో ఒకసారి కళ్ళారా చూస్తే ఇక ఆగబుద్ధి కాదు. అప్‌డేట్ ఉందేమోనని ఒకటి, టైమ్ సరిచూసుకోడానికి ఇంకొకటి, దగ్గర్లో ప్రింటర్ ఏమైనా ఉందా అని కేకేసేది మరొకటి. ఎన్ని పేజీలు చదివినా బుర్రకెక్కని టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో జరిగే మూడు ప్యాకెట్ల పలకరింపు), సొంత మెషీన్ చేస్తుంటే చూసినప్పుడు మూడు లైన్లలో అర్థమైపోతుంది.

ఒక్క మాట ముందే చెప్తున్నా. ఫైళ్ళు పోగెయ్యడం తేలిక, చదవడం కష్టం. గిగాబైట్ల కొద్దీ పట్టిపెట్టి వాటి మొహం మళ్ళీ చూడనివాళ్ళే ఎక్కువ. "ఈ టీవీ ఆఫ్ చేశాక కూడా ఎవరితో మాట్లాడుతోంది?" లాంటి ప్రశ్న ఏదో ఒకటి పెట్టుకుని, దానికి సరిపడా మాత్రమే పట్టడం మేలు.

ఇది నేరం కాదా?

మీ పరికరాలు, మీ నెట్‌వర్క్, మీ ట్రాఫిక్ అయినంతవరకు ఏ గొడవా లేదు. వేరేవాళ్ళ ట్రాఫిక్‌ని వాళ్ళకి చెప్పకుండా పట్టడం చాలా దేశాల్లో నేరమే. ఓపెన్ వైఫై కదా, గాల్లో తిరుగుతున్నదే కదా అనే వాదన మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోకండి. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ ఒక మాట చెప్పండి, డీఎన్ఎస్ ప్రశ్నలు (సైట్ పేరు చెప్పి దాని ఐపీ అడ్రస్ అడగడం) చూస్తే చాలు ఎవరు అర్ధరాత్రి ఏ సైట్‌కి వెళ్ళారో తెలిసిపోతుంది, అది మీకు తెలియాల్సిన విషయం కాదు. ఆఫీసులో అయితే నోటిమాట కాదు, రాతపూర్వకంగా అనుమతి ఉండాలి, "నేర్చుకోడానికే చేశాను" అంటే అక్కడ ఎవరూ వినరు.

ఏమేం కావాలి?

కంప్యూటర్, వైర్‌షార్క్. రెండోది ఉచితం, ఓపెన్ సోర్స్. జెరాల్డ్ కూంబ్స్ దీన్ని 1998లో ఈథీరియల్ అనే పేరుతో విడుదల చేశారు, ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల 2006లో వైర్‌షార్క్ అయింది. విండోస్‌లో దీనితోపాటు ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్ కూడా పడుతుంది, అది లేకపోతే ఫైళ్ళు తెరవగలరు గానీ కొత్తగా పట్టలేరు. బ్లాక్ స్క్రీన్ మీద పని చేయడం ఇష్టమున్నవాళ్ళకి టీసీపీడంప్ ఉంది, 1988లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పుట్టింది, ఇప్పటికీ సర్వర్ల మీద, రౌటర్ల మీద ముందు దొరికేది అదే.

లైనక్స్‌లో వైర్‌షార్క్‌ని రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న ఖాతాతో, నడపొద్దు. బయటినుంచి వచ్చే చెత్తంతా విప్పి చూసే ప్రోగ్రామ్ అది, అందులో ఏదైనా లోపం ఉండి ఎవరో కావాలని తయారుచేసిన ప్యాకెట్ దాన్ని వాడుకుంటే మొత్తం మెషీన్ వాళ్ళ చేతికి పోతుంది. పట్టే పని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్ చేస్తుంది, అనుమతి దానికి ఒక్కదానికే ఇస్తే చాలు.

స్టార్ట్ నొక్కగానే వేల లైన్లు పరిగెడుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆపండి ముందు. బ్రౌజర్ మూసేయండి, క్లౌడ్ సింక్‌లు ఆపేయండి, వైఫై తీసేయండి. ఇప్పుడు క్యాప్చర్ మొదలుపెట్టి వైఫై మళ్ళీ కలపండి, ఒక నిమిషం తర్వాత ఆపేయండి. కొన్ని వందల ప్యాకెట్లు ఉంటాయి, మొత్తం కథ అందులోనే ఉంటుంది. డీహెచ్‌సీపీ అడ్రస్ అడుగుతుంది, ఏఆర్‌పీ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) ఎక్కడని కేకేస్తుంది, ఆ వెంటనే డీఎన్ఎస్.

మీది విండోస్ అయితే ఇక్కడ ఒక ముచ్చటైన విషయం దొరుకుతుంది. నెట్ నిజంగా ఉందా లేదా అని తెలుసుకోడానికి అది మామూలు హెచ్‌టీటీపీలో, ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా, ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ అడుగుతుంది. జవాబు "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అనే 22 బైట్లు. ఆ ప్యాకెట్ మీద రైట్ క్లిక్ చేసి ఫాలో, టీసీపీ స్ట్రీమ్ అంటే అడిగిందీ చెప్పిందీ రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లూ ఇలాంటిదే చేస్తాయి, వాటికి 204 అనే ఖాళీ జవాబు వస్తుంది. ఈ రోజుల్లో మొదటి నుంచి చివరి వరకు మామూలు కంటితో చదవగలిగే సంభాషణలు అరుదు, కాబట్టి మొదటి పాఠం దీంతో పెట్టుకోండి.

క్యాప్చర్ ఫిల్టర్, డిస్‌ప్లే ఫిల్టర్ రెండూ ఒకటి కాదా?

కాదు, అందరూ ఇక్కడే తికమక పడతారు. క్యాప్చర్ ఫిల్టర్ పట్టేటప్పుడే పని చేస్తుంది, అది వదిలేసినది మళ్ళీ రాదు. డిస్‌ప్లే ఫిల్టర్ పట్టినదాంట్లో కొంత దాస్తుంది, అంతే, తీసేస్తే మళ్ళీ అన్నీ కనిపిస్తాయి. రెండింటి రాతా వేరు: డీఎన్ఎస్ మాత్రమే కావాలంటే క్యాప్చర్ ఫిల్టర్‌లో పోర్ట్ 53 అని రాస్తే చాలు, డిస్‌ప్లే ఫిల్టర్‌లో యూడీపీ (హ్యాండ్‌షేక్ లేకుండా నేరుగా పంపే పద్ధతి) చుక్క పోర్ట్ అని, రెండు సమాన గుర్తులు పెట్టి 53 అని రాయాలి. కొత్తల్లో క్యాప్చర్ ఫిల్టర్ జోలికి పోకుండా అంతా పట్టి తర్వాత వడపోసుకోండి.

అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోయాక ఇంక చూడ్డానికి ఏం మిగిలింది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, చాలామంది ఈ హాబీ మానేసేదీ ఇది అనుకునే. చాలా మిగిలింది.

లోపలి మాటలు కనపడవు, నిజమే. కానీ ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎన్ని బైట్లు అనేవి దాచడం కష్టం. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) మొదటి ప్యాకెట్‌లో, అంటే క్లయింట్ హలోలో, ఏ సైట్ కావాలో దాని పేరు మామూలు అక్షరాల్లోనే పోతుంది. ఈసీహెచ్ అనే కొత్త పద్ధతి దాన్ని దాస్తుంది, కానీ అది రెండువైపులా ఉంటేనే. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3కి ముందు సర్వర్ సర్టిఫికెట్ కూడా బాహాటంగా కనిపించేది, ఇప్పుడు అది కూడా ఎన్‌క్రిప్షన్ లోపలికి పోయింది. ఈ మధ్య పోస్ట్ క్వాంటమ్ కీలు (క్వాంటమ్ కంప్యూటర్లకీ లొంగకూడదని తయారుచేసినవి) చేరాక క్లయింట్ హలో ఉబ్బి ఒక ప్యాకెట్‌లో పట్టక రెండోదాంట్లోకి పాకుతోంది, పాత క్యాప్చర్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పాత ఫైళ్ళు దాచుకోవడంలో మజా ఇదే, ఇంటర్నెట్ మారుతుంటే మీ దగ్గర రుజువు ఉంటుంది.

ఇక మీ సొంత బ్రౌజర్ ట్రాఫిక్‌ని మీరే విప్పుకోవాలంటే అడ్డదారి అక్కర్లేదు. ఎస్ఎస్ఎల్‌కీలాగ్‌ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, ఇంగ్లిష్‌లో అన్నీ పెద్దక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. దానికి ఒక ఫైల్ దారి ఇచ్చి ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ తెరిస్తే, ప్రతి కనెక్షన్ తాళాలూ ఆ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. వైర్‌షార్క్ ప్రిఫరెన్సెస్‌లో టీఎల్ఎస్ దగ్గర ఆ ఫైల్ చూపిస్తే బూడిదరంగు చెత్తలోంచి హెచ్‌టీటీపీ2 హెడర్లు బయటికొస్తాయి. బ్రౌజర్ ముందే తెరిచి ఉంటే పని చేయదు, పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. పని అయ్యాక ఆ వేరియబుల్ తీసేయండి, మర్చిపోతే ఆ ఫైల్ పెరుగుతూనే ఉంటుంది, అది ఎవరి చేతికైనా చిక్కితే ఆ సమయంలో పట్టిన ట్రాఫిక్ అంతా వాళ్ళు చదువుకోవచ్చు.

యూడీపీ 443 మీద కుప్పలుగా ప్యాకెట్లు కనిపిస్తే కంగారు పడకండి, అది క్విక్, టీసీపీ బదులు యూడీపీ మీద నడిచే పద్ధతి, 2021లో ప్రమాణంగా వచ్చింది. పైన చెప్పిన తాళాల ఫైల్ దానికీ పనికొస్తుంది.

ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ ట్రాఫిక్ నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు కనపడదు?

ఇంటి రౌటర్‌లో ఉండే స్విచ్ ఎవరి ప్యాకెట్ వాళ్ళకే ఇస్తుంది కాబట్టి. ప్రామిస్కువస్ మోడ్ (తనవి కాని ప్యాకెట్లనీ కార్డు తీసుకోవడం) పెట్టినా మీ కార్డు దాకా రానిదాన్ని అది చూపించలేదు. అందరికీ కలిపి వేసే కేకలు మాత్రం అందుతాయి: ఏఆర్‌పీ, 5353 పోర్ట్ మీద ఎండీఎన్ఎస్, 1900 మీద ఎస్ఎస్‌డీపీ (ఈ చివరి రెండూ దగ్గర్లోని పరికరాల్ని వెతికేవి). అవే చాలా చెప్పేస్తాయి, ఏ ఫోన్ పేరేంటో, ఏ టీవీ ఏ కంపెనీదో వాటంతట అవే చాటుకుంటాయి.

పూర్తిగా కావాలంటే మూడు దారులు. పోర్ట్ మిర్రరింగ్ (మిగతావాళ్ళ ప్యాకెట్ల నకలు మీకు ఇవ్వడం) ఉన్న మేనేజ్డ్ స్విచ్ కొనుక్కోవడం. రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే అక్కడే టీసీపీడంప్ నడపడం. లేదా ల్యాప్‌టాప్‌నే హాట్‌స్పాట్‌గా మార్చి టీవీని దానికి కలపడం, అన్నిటికంటే తేలికైనది ఇదే, రూపాయి ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే చూడాలనుకుంటే పీక్యాప్‌డ్రాయిడ్ అనే యాప్ రూట్ అక్కర్లేకుండా, వీపీఎన్ సదుపాయాన్ని వాడుకుని పట్టేస్తుంది, ఏ ప్యాకెట్ ఏ యాప్‌దో కూడా చెప్తుంది. ఏఆర్‌పీ స్పూఫింగ్ (గేట్‌వే నేనేనని మిగతా పరికరాలకి అబద్ధం చెప్పడం) చేయమని వీడియోల్లో చెప్తుంటారు. వద్దు. ఇంట్లో నెట్ అంతా తెగిపోతూ ఉంటుంది, పైగా మీరు చూసేది మీరే పాడుచేసిన ట్రాఫిక్.

గాల్లోంచే వైఫై పట్టొచ్చా?

దానికి మానిటర్ మోడ్ (చుట్టూ తిరిగే వైఫై ప్యాకెట్లన్నీ వినడం) ఉన్న కార్డు కావాలి, లైనక్స్‌లో ఆ సౌకర్యం మెరుగు. డబ్ల్యూపీఏ2 (వైఫై ఎన్‌క్రిప్షన్‌లో ఒక రకం) నెట్‌వర్క్ అయితే పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన విప్పలేరు, ఆ పరికరం కలిసేటప్పుడు జరిగే నాలుగు ప్యాకెట్ల హ్యాండ్‌షేక్ కూడా మీ ఫైల్లో ఉండాలి. అందుకే క్యాప్చర్ మొదలుపెట్టాక ఫోన్లో వైఫై ఒకసారి తీసి మళ్ళీ పెడతారు. డబ్ల్యూపీఏ3లో ఆ హ్యాండ్‌షేక్ దొరికినా పాస్‌వర్డ్‌తో విప్పే దారి లేదు.

నేను పంపే ప్యాకెట్లన్నిటికీ చెక్‌సమ్ (దారిలో పాడైందా అని చూసే లెక్క) తప్పని చూపిస్తోంది. కొన్ని మామూలు గరిష్ఠం 1514 బైట్ల కంటే పెద్దగా ఉన్నాయి. కార్డు పాడైందా?

లేదు. ఈ ప్రశ్నకి జవాబు అర్థమైతే ఈ హాబీలో సగం అర్థమైనట్టే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

క్యాప్చర్ అనేది తీగ మీద జరిగినదానికి ఫోటో కాదు, మీరు ఎక్కడ నిలబడ్డారో అక్కడి నుంచి కనిపించినది. సొంత మెషీన్ మీద పట్టినప్పుడు మీరు నిలబడింది ఆపరేటింగ్ సిస్టమ్‌కీ నెట్‌వర్క్ కార్డుకీ మధ్యలో. చెక్‌సమ్ లెక్క ఈ రోజుల్లో కార్డు వేస్తుంది, అంటే మీరు చూసిన తర్వాత. అందుకే బయటికి పోయేవాటికి తప్పుడు చెక్‌సమ్ కనిపిస్తుంది, అవతలివైపు మాత్రం సరిగ్గానే చేరతాయి. పెద్ద ప్యాకెట్లూ అంతే, సిస్టమ్ ఒక పెద్ద ముద్ద ఇచ్చేస్తుంది, దాన్ని ముక్కలు చేసే పని కార్డుది. వచ్చేటప్పుడు దీనికి తిరగేసి, చిన్నవాటిని కలిపి పైకి ఇస్తారు.

నమ్మకం కలగకపోతే ఒక ఏఆర్‌పీ జత చూడండి. మీరు పంపిన ప్రశ్న 42 బైట్లు ఉంటుంది, అటునుంచి వచ్చిన జవాబు చాలాసార్లు 60 ఉంటుంది. రెండింట్లో ఉండే సమాచారం సైజు ఒకటే. ఈథర్‌నెట్ ఫ్రేమ్ చివరి 4 బైట్ల చెక్‌తో (అది మామూలుగా క్యాప్చర్‌లో కనిపించదు) కలిపి కనీసం 64 ఉండాలి, ఆ లోటుని సున్నాలతో నింపేది కూడా కార్డే, మీదాన్ని నింపకముందు చూశారు, అవతలిదాన్ని నింపాక చూశారు. ఆ తేడా 18 బైట్లు మీరు ఎక్కడ నిలబడ్డారో చెప్పేస్తున్నాయి.

కాబట్టి వేరేవాళ్ళ ఫైల్ తెరిచినప్పుడు మొదట అడగాల్సింది "ఇది ఎక్కడ పట్టారు?" అని. సర్వర్ దగ్గర పట్టినదీ క్లయింట్ దగ్గర పట్టినదీ ఒకే సంభాషణకి రెండు వేరే కథలు చెప్తాయి.

నెట్ స్లోగా ఉంది. తప్పు ఎవరిదో క్యాప్చర్ చెప్తుందా?

చాలావరకు చెప్తుంది. టీసీపీ హ్యాండ్‌షేక్‌లో మీ సిన్ (మొదటి పలకరింపు) పోయినప్పటి నుంచి సిన్ యాక్ (దానికి జవాబు) వచ్చేవరకు ఎంత పట్టిందో చూడండి, దారి పొడవు అది. 20 మిల్లీసెకండ్లు అనుకుందాం. ఇప్పుడు మీరు పేజీ అడిగారు, 20 మిల్లీసెకండ్లకి అందినట్టు యాక్ వచ్చింది, అసలు డేటా రెండు సెకండ్ల తర్వాత వచ్చింది. దారిలో తప్పు లేదు, సర్వరే కూర్చుని ఆలోచిస్తోంది. ప్రొవైడర్‌కి ఫోన్ చేసి అరిచి లాభం లేదు.

డేటా మధ్యమధ్యలో పోతుంటే డూప్లికేట్ యాక్‌లు వరసగా కనిపిస్తాయి, అంటే "ఇంతవరకే అందింది, తర్వాతది ఏది?" అని అదేపనిగా అడగడం. అలాంటివి మూడు చేరగానే టైమర్ కోసం ఆగకుండా అవతలివైపు మళ్ళీ పంపుతుంది. జీరో విండో (ఇక తీసుకోడానికి చోటు లేదనే మాట) కనిపిస్తే నెట్‌వర్క్‌ని వదిలేయండి, తీసుకునే యాప్ నిద్రపోతోంది.

వైర్‌షార్క్‌లో నల్లటి లైన్లు, ఎర్రటి లైన్లు చూసి టెన్షన్ పడొద్దు. నాలుగు రీట్రాన్స్‌మిషన్లు (మళ్ళీ పంపిన ప్యాకెట్లు) ఎక్కడైనా ఉంటాయి. ఇంకోటి, హ్యాండ్‌షేక్ లేకుండా మధ్యలోంచి పట్టిన సంభాషణలో విండో సైజులు నమ్మకండి, వాటిని ఎంతతో గుణించాలో చెప్పేది మొదటి రెండు ప్యాకెట్లలోనే ఉంటుంది.

తెలియని ఐపీకి ఏదో పోతోంది. హ్యాక్ అయ్యానా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఆ ఐపీ కంటే కాస్త పైన ఉన్న డీఎన్ఎస్ జవాబులు వెతకండి, ఏ పేరు అడిగితే ఆ ఐపీ వచ్చిందో తెలుస్తుంది, అది చాలాసార్లు ఏదో ఒక సీడీఎన్ (సైట్ల తరఫున వాళ్ళ ఫైళ్ళు అందించే సర్వర్ల గుంపు) అయి ఉంటుంది. ముందు డీఎన్ఎస్ ప్రశ్నే లేకుండా నేరుగా ఒక ఐపీకి, గడియారం పెట్టుకున్నట్టు సమానమైన వ్యవధుల్లో, ఒకే సైజు ప్యాకెట్లు పోతుంటే అప్పుడు ఆలోచించాలి, అప్పుడు కూడా ముందు మీ సొంత యాప్‌లనే అనుమానించండి.

టీటీఎల్ కూడా చూస్తూ ఉండండి, ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి చొప్పున తగ్గే అంకె అది. లైనక్స్, ఆండ్రాయిడ్, మ్యాక్ కంప్యూటర్లు మామూలుగా 64తో మొదలుపెడతాయి, విండోస్ 128తో. 57తో వచ్చిందంటే బహుశా 64తో బయల్దేరి ఏడు రౌటర్లు దాటింది. మీ లిస్టులో ఏ ఫోనో తెలియని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య, మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు) ఉండి, దాని రెండో అంకె 2 గానీ 6 గానీ, లేదా ఇంగ్లిష్ అక్షరాలైన ఏ, ఈలలో ఒకటి గానీ అయితే అది ఫోన్ తనకు తాను పెట్టుకున్న దొంగ అడ్రస్, కంపెనీ పేరు వెతికి లాభం లేదు.

హార్డ్ డిస్క్ ఎంత కావాలి?

100 మెగాబిట్ల లైన్ నిండుగా పారితే సెకండుకి 12.5 మెగాబైట్లు, గంటకి 45 గిగాబైట్లు, రోజుకి ఒక టెరాబైట్ పైనే. నిజంగా అంత ఎవరూ వాడరు గానీ వీడియోలు చూసే ఇంట్లో దాచుకుంటూ పోతే డిస్క్ నిండటానికి ఎక్కువ రోజులు పట్టదు. ఎప్పుడో ఒకసారి వచ్చే సమస్య కోసం కాపు కాయాలంటే రింగ్ బఫర్ పెట్టండి, పది ఫైళ్ళు, ఒక్కోటి వంద మెగాబైట్లు అంటే పదకొండోది మొదలవగానే మొదటిది చెరిగిపోతుంది. ప్రతి ప్యాకెట్‌లో మొదటి 128 బైట్లే దాచినా లెక్కలకి సరిపోతుంది, కానీ అప్పుడు డీఎన్ఎస్ జవాబులు సగంలో తెగుతాయి, క్లయింట్ హలో మొదట్లోనే తెగిపోతుంది.

ఫైళ్ళని ఎలా దాచుకోవాలి?

నోట్సుతో. ఎక్కడ పట్టారు, ఏ పరికరం, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏ ప్రశ్న కోసం, నాలుగు లైన్లు. "టెస్ట్2 కొత్తది ఫైనల్" అనే పేరున్న ఫైల్ ఆరు నెలల తర్వాత ఎవరికీ పనికిరాదు. వైర్‌షార్క్ మామూలుగా సేవ్ చేసే పీక్యాప్ఎన్‌జీ పద్ధతిలో ఆ నోట్సు ఫైల్ లోపలే రాసుకోవచ్చు, ఒక్కో ప్యాకెట్ మీద కూడా కామెంట్ పెట్టొచ్చు. జీజిప్‌తో కుదించి పెట్టండి, వైర్‌షార్క్ దాన్ని అలాగే తెరుస్తుంది. పైన చెప్పిన తాళాల ఫైల్ వాడి ఉంటే అది కూడా పక్కనే ఉండాలి, మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌లో.

మాటల్లో మాట, ఏ పీక్యాప్ఎన్‌జీ ఫైల్‌నైనా హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే 0ఏ 0డీ 0డీ 0ఏ అని మొదలవుతుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, పైగా అవి లైన్ చివర్లో వాడే అక్షరాలు, అందుకే ఎవరైనా పొరపాటున టెక్స్ట్ ఫైల్‌లా పంపితే మొదటి నాలుగు బైట్లలోనే దొరికిపోతుంది. ఎవరు ఆలోచించారో గానీ భలే పెట్టారు.

నా క్యాప్చర్ వేరేవాళ్ళకి పంపొచ్చా?

సహాయం అడగడానికి పంపాల్సి వస్తుంది, తప్పదు. కానీ మొత్తం పంపకండి, కావాల్సిన ఒక్క సంభాషణనే ఫిల్టర్ చేసి ఎక్స్‌పోర్ట్ స్పెసిఫైడ్ ప్యాకెట్స్‌తో వేరే ఫైల్ చేయండి. కుకీలు, డీహెచ్‌సీపీలో మీ కంప్యూటర్ పేరు, ఎండీఎన్ఎస్‌లో ఫోన్ పేరు (దాంట్లో మీ పేరే ఉంటుంది చాలామందికి), మ్యాక్ అడ్రసులు, ఇవన్నీ చూసుకోండి. టీసీపీరీరైట్, ట్రేస్‌రాంగ్లర్ లాంటివి అడ్రసులు మారుస్తాయి, కానీ అడ్రసు మారినంత మాత్రాన లోపల ఉన్న అక్షరాలు మారాయని అనుకోవద్దు. పీక్యాప్ఎన్‌జీ హెడర్‌లో మీ ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు కూడా ఉంటాయి, టీఎల్ఎస్ తాళాలు అందులోనే పొదిగి ఉండే అవకాశం కూడా ఉంది. అనుమానం ఉంటే పాత పీక్యాప్‌గా సేవ్ చేసి పంపండి, అందులో ఇవి పట్టవు.

నా ట్రాఫిక్ చూసి చూసి బోర్ కొడుతోంది.

వైర్‌షార్క్ వికీలో రకరకాల ప్రోటోకాల్స్ నమూనాలు ఉన్నాయి, మీ ఇంట్లో ఎప్పటికీ కనపడనివి. జపాన్‌లో "మావి" అనే పేరున్న వర్కింగ్ గ్రూప్ ఒక పెద్ద లింక్ మీద రోజుకి 15 నిమిషాల ట్రాఫిక్ పట్టి, అడ్రసులు మార్చి, లోపలి డేటా తీసేసి ఏళ్ళ తరబడి అందరికీ ఇస్తోంది. మాల్‌వేర్ మీద ఆసక్తి ఉంటే చెక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో పట్టిన సీటీయూ-13 ఉంది, పదమూడు బాట్‌నెట్ (మాల్‌వేర్ పట్టి ఇంకొకరి ఆజ్ఞలో నడిచే కంప్యూటర్ల గుంపు) సందర్భాలు. నిజమైన మాల్‌వేర్ ఫైళ్ళున్న క్యాప్చర్లలోంచి ఆ ఫైళ్ళు బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ ఆబ్జెక్ట్స్ నొక్కేటప్పుడు మాత్రం జాగ్రత్త, బయటికొచ్చేది అసలైన వైరసే, ఆ పని విడి వర్చువల్ మెషీన్‌లో చేయండి.

వైర్‌షార్క్ పెద్ద ఫైళ్ళ దగ్గర చచ్చిపోతోంది. ఇంకేం వాడాలి?

ముందు వైర్‌షార్క్‌తోపాటే వచ్చే ఎడిట్‌క్యాప్‌తో టైమ్ ప్రకారం ముక్కలు చేయండి, సగం సమస్యలు అక్కడే తీరతాయి. అప్పటికీ లాభం లేకపోతే జీక్. 1995లో వెర్న్ పాక్సన్ బ్రో అనే పేరుతో మొదలుపెట్టారు, 2018లో పేరు మార్చారు. అది ప్యాకెట్లు చూపించదు, ఫైల్ మొత్తం నమిలి కనెక్షన్లు ఒక లాగ్‌గా, డీఎన్ఎస్ ఒక లాగ్‌గా, టీఎల్ఎస్ ఇంకో లాగ్‌గా రాసి ఇస్తుంది. ఆ లాగ్‌లో ఏది తేడాగా కనిపిస్తే దాని టైమూ పోర్టులూ పట్టుకుని, ఆ ఒక్క సంభాషణని అసలు ఫైల్లోంచి టీషార్క్ (వైర్‌షార్క్‌కి బ్లాక్ స్క్రీన్ రూపం) తో తీసి వైర్‌షార్క్‌లో తెరవండి.